పద్ధతి పక్కాగా ఉంటే మంచి దానంతటదే రాదా? జర్మన్ తత్వవేత్త గాడమర్‌కు దానితో పేచీ ఏమిటి?

రాదు. నేను డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెబుతాను. ఈ సంగతి నాకు స్పాట్ వాల్యుయేషన్‌లో అర్థమైంది.

ఆ ఏడు 'న్యాయం అంటే ఏమిటి?' అని పది మార్కుల ప్రశ్న వచ్చింది. కీలో నిర్వచనం, ప్లేటో, అరిస్టాటిల్, రకాలు. ఒక పేపర్లో ఇవేవీ లేవు. అమ్మాయో అబ్బాయో తెలియదు, బార్‌కోడ్ ఒక్కటే కనిపిస్తుంది. ఇంట్లో అన్నం తక్కువైన రాత్రి అమ్మ ఎలా వడ్డించిందో గుండ్రటి అక్షరాలతో పేజీన్నర రాసి ఉంది. కూలికి వెళ్లొచ్చిన నాన్నకు రెండు గరిటెలు, జ్వరం నుంచి లేచిన తమ్ముడికి రెండు, తనకు ఒకటి. 'అందరికీ ఒకేలా పెడితే అన్యాయం అయ్యేది' అని ముగించారు. చీఫ్ ఎగ్జామినర్‌కు చూపిస్తే, "బాగుంది సార్, కానీ కీలో లేదు కదా" అన్నారు. ఒక మార్కు వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సమానులు కానివాళ్లకు సమానంగా పంచితే తగువులు పుడతాయని చెప్పింది అరిస్టాటిలే. ఆయన యోగ్యతను చూశాడు, ఈ బిడ్డ అవసరాన్ని చూసింది. అంతే తేడా. పాయింట్లు బట్టీ పట్టించే గైడ్లు వచ్చాక ఇలాంటి జవాబు రాసే ధైర్యమే పోయింది పిల్లలకు.

గాడమర్ 1960లో అచ్చయిన 'సత్యం, పద్ధతి'లో అరిస్టాటిల్ దగ్గరికి వెళ్లింది ఇందుకే. వడ్రంగం నేర్చుకోవచ్చు, మరిచిపోనూ వచ్చు. ఏది మంచో తెలియడం అలాంటి విద్య కాదంటాడు. చట్టం అందరికీ కలిపి మాట్లాడుతుంది, ఎదుట ఉన్న మనిషి అందులో ఇమడడు. అప్పుడు చట్టాన్ని కాస్త సడలించడం న్యాయాన్ని తగ్గించడం కాదు, ఇంకా మెరుగైన న్యాయం చేయడం. గాడమర్ పద్ధతికి శత్రువని చాలామంది అనేస్తారు, అది తప్పు. తాను కొత్త పద్ధతేదీ ఇవ్వడం లేదన్నాడు, అంతే.

అసలు పద్ధతికి ఆద్యుడనుకునే ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ సంగతే చూడండి. పాత నమ్మకాలనే ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టుకునే లోపు ఉండటానికి వేరే చోటు కావాలి కదా అని, 1637 నాటి పుస్తకంలో తాత్కాలికంగా కొన్ని నీతి సూత్రాలు పెట్టుకున్నాడు. పద్ధతి పూర్తయ్యేదాకా మంచి ఆగదని ఆయనకూ తెలుసు.

మరుసటి ఏడు కీ తయారుచేసే మీటింగ్‌లో పట్టుబట్టి, 'సొంత ఉదాహరణతో వివరించినా మార్కులు ఇవ్వాలి' అని ఒక లైను చేర్పించాను. ఆ పేపరు ఎవరిదో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.