తేదీలు ఒప్పుకునే ముందు ఇది చదువు

చిన్నీ,

నువ్వు అమెరికా ప్రభుత్వం మీద మొదటి నెపా కేసు (పెద్ద పనులకు ముందు పర్యావరణానికి ఏమవుతుందో పరిశీలించాలనే చట్టం కింద) వేశావని, వచ్చే వారం జస్టిస్ డిపార్ట్‌మెంట్ లాయర్‌తో షెడ్యూల్ మాట్లాడాలని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ బ్రీఫింగ్ షెడ్యూల్, అంటే ఎవరు తమ రాతపూర్వక వాదన (బ్రీఫ్) ఎప్పుడు వేయాలన్నది, క్యాలెండర్ చూసి నాలుగు తేదీలు వేసేయడమే అనుకోకు, ఇలాంటి కేసుల్లో సగం అక్కడే తేలిపోతుంది.

ఫోన్‌లో నువ్వు మొట్టమొదట అడగాల్సింది, అక్కడ పని ఎప్పుడు మొదలవుతుంది అని. జవాబు వేయడానికే ప్రభుత్వానికి 60 రోజులుంటాయి, నువ్వు ఊరుకుంటే ఆ రెండు నెలల్లోనే చెట్లు కొట్టేసినా కొట్టేస్తారు. స్టాండింగ్ రాక్ అనే ఆదివాసీ తెగ వాళ్లు డకోటా యాక్సెస్ చమురు పైప్‌లైన్ మీద 2016 జులై చివర్లో కేసు వేశారు. ఇక్కడ మా పూర్వీకుల సమాధులున్నాయని సెప్టెంబర్ 2న, శుక్రవారం, కోర్టుకు చూపించారు. మర్నాడే, సెలవుల వారాంతంలో, సరిగ్గా ఆ నేల మీదికే బుల్డోజర్లు వచ్చాయి. 2020లో జడ్జి పూర్తి పర్యావరణ నివేదిక రాయాల్సిందేనన్నారు, కానీ 2017 జూన్ నుంచే చమురు పారుతోంది, తర్వాత పై కోర్టు కూడా దాన్ని ఆపించలేదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అందుకే పని మొదలయ్యే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రా. ఫలానా తేదీ దాకా నేల కదపం, కదిపేటట్టయితే 30 రోజుల ముందే చెప్తాం అని వాళ్లు రాసిస్తే వాళ్లడిగిన టైమ్ ధారాళంగా ఇచ్చెయ్. రాసివ్వం అని వాళ్లంటే మాత్రం ఇంజంక్షన్ మోషన్, అదే పని ఆపమని కోర్టును అడిగే అర్జీ, సిద్ధం చేసుకో, మొహమాటపడకు. నోటిమాట నమ్మకు.

ఇక రికార్డ్, అంటే ఏజెన్సీ (ప్రభుత్వ శాఖ) ఆ నిర్ణయానికి ఆధారమని కోర్టుకిచ్చే కాగితాలన్నీ. ఒకసారి రికార్డ్ ఇచ్చిన మూడు వారాలకే ఓపెనింగ్ బ్రీఫ్ వేస్తానని ఒప్పేసుకున్నాను. తీరా చూస్తే హార్డ్ డ్రైవ్‌లో అన్నీ స్కాన్ చేసిన పేజీలే, ఒక్క మాట కూడా సెర్చ్‌కి దొరకదు, పైగా ఏజెన్సీ జీవశాస్త్రవేత్త రాసిన మెమో ఒకటి అందులో లేనే లేదు. ఇంట్లో అందరూ థాంక్స్‌గివింగ్ భోజనానికి కూర్చుంటే నేను గదిలో పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. నీకా టెన్షన్ వద్దు. నీ గడువు రికార్డ్ ఇచ్చిన రోజు నుంచి కాకుండా, అందులో లోటుపాట్ల సంగతి తేలిపోయిన రోజు నుంచి మొదలయ్యేలా రాయించు. 2025లో సుప్రీంకోర్టు సెవెన్ కౌంటీ తీర్పు (నెపా కేసు మీదే) వచ్చాక ఏజెన్సీ మాటకు కోర్టులు బాగా విలువ ఇస్తున్నాయి కదా, వాళ్ల నిపుణులే అభ్యంతరం చెప్పిన కాగితం ఏదైనా ఉంటే అది వెతికి పట్టుకోవడానికే నీకు తీరిక కావాలి.

బ్రీఫులు ఆరు వద్దు, నాలుగు చాలు. నీ మోషన్, వాళ్ల క్రాస్ మోషన్ (తమ వైపు తీర్పివ్వమని వాళ్లు వేసే ఎదురు అర్జీ) కలిపిన జవాబు, నీ జవాబు, చివర వాళ్లది. ఆ పని చేసే కంపెనీ ఇంటర్వీనర్‌గా (మధ్యలో కేసులో చేరే పక్షంగా) వస్తే ప్రభుత్వం వేసిన వారానికి వాళ్లు వేయాలని, చెప్పిందే మళ్లీ చెప్పకూడదని, పేజీలు తగ్గించాలని అడుగు.

వాళ్ల లాయర్ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదని గడువు అడిగితే కాదనకు, అలాగే నీ తేదీ కూడా అంతే జరపమను.

ఫోన్ చేసే ముందు డ్రాఫ్ట్ నాకు పంపు. రాత్రి ఎంత లేటైనా పర్లేదు, చూసి పెడతాను.

మావయ్య