స్కిమ్మర్ పిట్టకీ రంపం చేపకీ పోలికేంటి? మా గుమ్మం మీది రంపం చెప్పిన సంగతి

మీ అబ్బాయి ప్రాజెక్టుకి ఇండియన్ స్కిమ్మర్‌నీ రంపం చేపనీ పోల్చాలన్నారు, రెండోది సొరచేపే కదా అని కూడా రాశారు. కాదండీ, అది టేకు చేప (ఇంగ్లిష్‌లో రే) జాతి. మాది బరంపురం పక్కన గోపాల్‌పూర్. తాతగారింట్లో గుమ్మం పైన ఆ చేప ముక్కు, అంటే రంపం, ఒకటి వేలాడేది, చిన్నప్పుడు స్టూలెక్కి పళ్లు లెక్కపెడితే రెండు పక్కలా ఎప్పుడూ సమానంగా వచ్చేవి కావు, నేనే తప్పు లెక్కపెడుతున్నాననుకునేవాణ్ణి. తాత ఒకటే గుర్తు చెప్పాడు: "సొరకి మొప్ప చీలికలు పక్కన ఉంటాయిరా, దీనికి టేకుకి మల్లే తల కింద." పుస్తకాల్లోనూ అదే ఉంది.

రెండూ వెన్నెముక ఉన్నవే, చుట్టరికం అక్కడితో సరి. స్కిమ్మర్‌ది పక్షుల తరగతి, గల్స్, టెర్న్‌లనే నీటి పిట్టలతో పాటు లారిడే కుటుంబం. రంపం చేపకి ఒంట్లో ఎముకే లేదు, వెన్నెముకతో సహా అంతా మృదులాస్థి, కుటుంబం ప్రిస్టిడే. ఆ రంపం పళ్లు కూడా అసలు పళ్లు కావు, పొలుసులే అలా మారాయి. పిట్ట గుడ్లు పెడుతుంది, ఇది పిల్లల్నే కంటుంది, పుట్టేటప్పుడు పిల్ల రంపానికి మెత్తటి తొడుగు ఉంటుంది, లేకపోతే తల్లి గతేంటి!

ఏ జీవికి ఎంత ముప్పుందో జాబితా వేసే ఐయూసీఎన్ సంస్థ లెక్కలో స్కిమ్మర్ 2020లో వల్నరబుల్ (ముప్పున్నవి) నుంచి ఎన్‌డేంజర్డ్ (అంతకన్నా ఎక్కువ ముప్పున్నవి)కి వెళ్లింది. రంపం చేపల్లో పెద్దపళ్ల రకం ఇంకో మెట్టు పైన, క్రిటికల్లీ ఎన్‌డేంజర్డ్. నాకైతే అసలు తేడా వేరే చోట ఉంది. కటక్ దగ్గర ముండలిలో మహానది ఇసుక దిబ్బల మీద స్కిమ్మర్లు గూళ్లు పెడతాయి, ఓసారి బైనాక్యులర్‌తో చూశాను, కింది ముక్కు పైదానికన్నా పొడవు, దాన్ని నీళ్లలో ముంచి గీత గీసుకుంటూ ఎగురుతుంది. కుక్కలొచ్చినా, నదికి ఎగువ నుంచి నీళ్లు వదిలినా గూళ్లు పోతాయి, కానీ ఎక్కడున్నాయో తెలుసు కాబట్టి కాపలా పెట్టొచ్చు, లెక్కపెట్టొచ్చు. రంపం చేపని అలా ఎవరు చూస్తారు? వలలో రంపం చిక్కుకున్నాకే కనిపిస్తుంది, అప్పటికి చాలాసార్లు పనైపోయి ఉంటుంది. నేను బతికున్నదాన్ని ఒక్కసారీ చూడలేదు, మా తాత చాలా చూశాడు.

2001లో రంపం చేపని వన్యప్రాణి చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉండే షెడ్యూల్ 1లో చేర్చారు, పట్టడం, అమ్మడమే కాదు, కాగితాల్లేకుండా రంపం ఇంట్లో ఉంచుకోవడమూ చిక్కే. అది తెలిసిన రోజు నుంచి తాతగారి రంపం గురించి మామయ్యకి ఒకటే టెన్షన్. కాబట్టి ప్రాజెక్టుకి ఆ రంపం ఫొటో మాత్రం అడక్కండి.