ఆ ఫొటోలో కాళ్ళెందుకు కత్తిరించావు?

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు హైదరాబాద్ మారథాన్‌లో 21 కిలోమీటర్లు పరుగెత్తావని వినగానే కళ్ళు చెమర్చాయి. నేను పరుగు పందేలకి వెళ్తానంటే మీ తాతయ్య వారం రోజులు నాతో మాట్లాడలేదు. అదే ఇంటి పిల్లవి నువ్వు. కానీ ఆ వెంటనే ఇంకో మాట చెప్పింది. తొడల దగ్గర కొవ్వు పోవట్లేదని అన్నం పూర్తిగా మానేశావట. పొద్దున పరుగు చాలదని సాయంత్రం జిమ్ మొదలుపెట్టావట. రోజుకి 1200 కేలరీలు దాటకుండా ఫోన్‌లో లెక్క రాసుకుంటున్నావట. మూడు నెలల ప్లానట. ఇక నాకు నిద్ర పట్టలేదు, తెల్లారకముందే లేచి ఇది రాస్తున్నాను.

గచ్చిబౌలి స్టేడియంలో మెడల్‌తో దిగిన ఫొటో పంపావు కదా, అది నడుం దగ్గరే ఆగిపోయింది. పూర్తి ఫొటో మీ అమ్మ పంపింది. ముప్పై ఏళ్ళు పీఈటీగా పిల్లల కాళ్ళు చూసినదాన్ని, నా మాట నమ్ము. మారథాన్ దారిలో ఉన్న ఆ ఫ్లైఓవర్లన్నీ నిన్ను ఎక్కించి దింపిన కాళ్ళవి. వాటిని కత్తిరించడానికి నీకు చేతులెలా వచ్చాయే?

కొవ్వు ఒంట్లో అన్నిచోట్లా ఒకేలా కరగదు. ఆడవాళ్ళకి పిరుదుల దగ్గర, తొడల దగ్గర ఉండే కొవ్వు కణాలు కరగమని అడ్రినలిన్ చెప్పినా ఓ పట్టాన వినవు. అక్కడ దాచిపెట్టేది ఈస్ట్రోజెన్ అనే ఆడవాళ్ళ హార్మోను. కడుపుతో ఉన్నప్పుడూ, బిడ్డకి పాలిచ్చేటప్పుడూ పనికొస్తుందని. తొడల వ్యాయామం ఎంత చేసినా కొవ్వు తొడల నుంచే పోవాలని లేదు. 1971లో టెన్నిస్ ఆడేవాళ్ళ రెండు చేతులూ కొలిచి చూశారు. రాకెట్ పట్టే చేతికి కండ ఎక్కువ ఉంది గానీ చర్మం కింద కొవ్వు రెండు చేతులకీ సమానమే. పొట్టలో పేరుకునే కొవ్వంటే గుండెకీ షుగర్‌కీ భయపడాలి. తొడల కొవ్వు అలాంటిది కాదు.

నీ 1200 లెక్క కూడా చూద్దాం. నీ బరువు 58 కిలోలు, రోజుకి ఏడు కిలోమీటర్లు పరుగెత్తుతావు. పరుగుకే దాదాపు 400 పోతాయి. మిగిలిన 800తో గుండె, మెదడు, ఎముకలు, గర్భసంచి అన్నీ నడవాలి. నడవవమ్మా. చాలనప్పుడు ఒళ్ళు ఒక్కొక్క పనీ ఆపేస్తుంది. 2014లో ఒలింపిక్ కమిటీ వాళ్ళు దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. పేరు లేని రోజుల్లోనే నేను దాన్ని అనుభవించాను.

1983లో నాకు 21 ఏళ్ళు. విశాఖలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ 1500 మీటర్లు పరుగెత్తేదాన్ని. నాకు పరుగు నేర్పినాయన ఒకరోజు ట్రాక్ పక్కన అందరి ముందూ, "నడుం కింద రెండు కిలోలు తగ్గించు, టైము అదే తగ్గుతుంది" అన్నాడు. ఆ రాత్రి నుంచే మెస్‌లో అన్నం మానేశాను. పొద్దున ఒక ఇడ్లీ, రాత్రి ఒక చపాతీ, పల్చటి మజ్జిగ. మొదట్లో నిజంగానే టైము తగ్గింది. నన్ను ముంచింది అదే. బుగ్గలు పీక్కుపోయాయి, జబ్బలు పుల్లల్లా అయ్యాయి. తొడలు మాత్రం టేపు పెట్టి చూస్తే అర అంగుళమే తగ్గాయి. నెలసరి ఆగిపోయింది. పోటీల రోజుల్లో ఆ ఇబ్బంది తప్పిందని సంతోషించాను, చిట్టీ.

సంక్రాంతికి ఇంటికొచ్చాను. భోగి నాటి సాయంత్రం మీ అమ్మమ్మ నన్ను పెరటి గదిలోకి పిలిచి, తలుపు వేసి, గొంతు తగ్గించి అడిగింది: "ఎన్నాళ్ళయిందే నువ్వు బయట చేరి?" వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఏడు నెలలు. అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ భయం వేరు. నా చేత తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. నాకు రోషం వచ్చి మర్నాడే బస్సెక్కేశాను. మూట కట్టి ఇచ్చిన అరిసెలు గుమ్మంలోనే వదిలేశాను.

ఫిబ్రవరిలో ఎడమ మోకాలి కింద, కాలి ముందు ఎముకలో నొప్పి మొదలైంది. కండ నొప్పయితే ఒళ్ళు వేడెక్కాక సర్దుకుంటుంది, ఎక్కడని అడిగితే కాలంతా చూపిస్తాం. ఇది అలా కాదు. బొటనవేలితో నొక్కితే రూపాయి బిళ్ళంత చోట ప్రాణం పోయేది, ఆ పక్కన నొక్కితే ఏమీ లేదు. బ్యాండేజీ చుట్టుకుని మూడు వారాలు పరుగెత్తాను. సెలక్షన్స్‌లో మూడో రౌండ్ మలుపు దగ్గర లోపల టక్కుమంది. మూడు నెలలు కట్టు. ఎక్స్‌రే చూసిన డాక్టరు ఎలా పడ్డావని అడిగాడే గానీ ఏం తింటున్నావని అడగలేదు. నెలసరి తిరిగి రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా అమ్మ గ్లాసుతో చోడి (రాగి) అంబలి తెచ్చి, తాగేదాకా మంచం పక్కనే కూర్చునేది. ఒట్టు సంగతి ఎన్నడూ ఎత్తలేదు. నేనూ క్షమించమని అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు.

పోయినేడు వాకిట్లో జారితే నా మణికట్టు విరిగింది. ఎముకలు బాగా పలచబడ్డాయన్నారు. ఎముక బలం కూడగట్టుకునేది ముప్పై లోపే. నీకిప్పుడు 26.

కాబట్టి అన్నం మళ్ళీ మొదలుపెట్టు, పరుగు ఉన్న రోజున ఇంకాస్త ఎక్కువ తిను. పప్పో గుడ్డో పూటపూటా ఉండాలి. జిమ్‌లో బరువులెత్తు, వారానికి రెండు రోజులు చాలు. హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూపించుకో. వారంలో ఒకరోజు ఏమీ చెయ్యకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

బరువులెత్తే మన ఆమదాలవలస పక్క పిల్ల కరణం మల్లీశ్వరి 1994లోనూ 1995లోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది 54 కిలోల విభాగంలో. 2000లో సిడ్నీలో ఒలింపిక్ మెడల్ తెచ్చింది 69 కిలోల విభాగంలో. ఆ రోజు స్కూల్లో ఆడపిల్లలందరికీ నేను లడ్డూలు పంచాను. తిననని ఒక పిల్ల మొహం తిప్పుకుంటే కూర్చోబెట్టి తినిపించాను.

నాకు రెండే సంగతులు చెప్పు. పోయిన నెలసరి ఏ తారీఖున వచ్చింది? కాలి ముందు ఎముక మీద వేలితో నొక్కితే ఎక్కడైనా ఒక్కచోటే నొప్పి ఉందా? ఉంటే పరుగు ఇవాళే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళు. మీ అమ్మకి చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకు, నాకు మాత్రం దాచకు.

దసరాకి రా. షూస్ తెచ్చుకో, ఫొటోలోని ఆ షార్ట్స్ కూడా. పొద్దున్నే కళింగపట్నం బీచ్ రోడ్డు మీద నువ్వు పరుగెత్తు, నేను స్కూటీ మీద మెల్లగా నీ వెనకే వస్తాను. తిరిగొచ్చాక అంబలి నేనే కాస్తాను.

మీ పెద్దమ్మ