హబ్ పోసే ఫౌండ్రీ వద్దు, పీజీ చేయమంటున్నాం. సరేనా?

ప్రశ్న: మా అబ్బాయి మెటలర్జీ పూర్తిచేశాడు. గాలిమరల హబ్‌లు పోసే ఫౌండ్రీలో ట్రెయినీగా పిలిచారు. ఆ దుమ్ము, వేడి ఎందుకని పునరుత్పాదక ఇంధనంలో పీజీ చేయమంటున్నాం. ఏది మేలు?

జవాబు: ఇంజినీరింగ్ చదివించి అచ్చుల ఇసుకలోకి పంపుతామా అన్నదే మీ బాధ. అది పరువు గురించిన బెంగ. దాన్ని అబ్బాయి భవిష్యత్తు మీద రుద్దకండి.

మూడు రెక్కలనూ పట్టి ఉంచే హబ్, దాని వెనకుండే మెయిన్ ఫ్రేమ్, బేరింగ్ హౌసింగ్ అన్నీ డక్టైల్ ఐరన్ (పెళుసుగా విరగక కాస్త సాగే పోత ఇనుము) పోతలే. పెద్ద మరల్లో ఒక్క హబ్బే పది టన్నులు దాటుతుంది. రోటరు నిమిషానికి 12 సార్లు తిరిగినా, ఆగిన రోజులు పోను 20 ఏళ్లలో 10 కోట్ల చుట్లు. ప్రతి చుట్టుకూ లోహం మీద భారం మారుతూనే ఉంటుంది.

అందుకే ఈ పోతలో పొరపాటుకు చోటు తక్కువ. ఆ సాగే గుణం కోసం లోపలి కార్బన్, అంటే గ్రాఫైట్, రేకులుగా కాక గుండ్లుగా ఏర్పడాలంటే ఇనుములో మెగ్నీషియం సుమారు 0.04 శాతం మిగలాలి. కలిపాక పోయడం ఆలస్యమైతే అది ఎగిరిపోతుంది, గుండ్ల ఆకారం చెడుతుంది. ఎక్కువైతే డ్రాస్ అనే మలినం తెట్టులా పై ముఖానికి చేరుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. మందమైన చోట లోహం గంటల తరబడి నెమ్మదిగా గట్టిపడుతుంది. సిలికాన్, సీరియం మోతాదు మించితే అక్కడ గుండ్లకు బదులు ముక్కల్లాంటి చంకీ గ్రాఫైట్ పుట్టి సాగే గుణం పోతుంది. దానికి అచ్చులో చిల్స్ (వేడిని త్వరగా లాగే దిమ్మలు) పెడతారు, కొందరు చిటికెడు ఆంటిమొనీ అనే మూలకం వేస్తారు. చలి ప్రాంతాలకు వెళ్లే గ్రేడుకైతే మైనస్ 20 డిగ్రీల దగ్గర ఇంపాక్ట్ పరీక్ష (దెబ్బకు తట్టుకుంటుందా అని చూడటం) ఉంటుంది. అల్ట్రాసోనిక్ (ధ్వని తరంగాల) పరీక్షలో లోపం తేలి సరిచేయడానికి వీల్లేకపోతే మొత్తం పోత మళ్లీ కొలిమికే. ఇవన్నీ చూసుకునే మనిషి మెటలర్జిస్టే. ఇది మీ అబ్బాయి చదివిన చదువే కదండీ!

ఇక ఆ పీజీ. సోలార్, గాలి, బయోగ్యాస్, బ్యాటరీ, పాలసీ అన్నీ తలో కాస్త చెప్పే కోర్సులంటే నాకు అనుమానమే. మర తయారుచేసేవాళ్లకు కావలసింది పోతల నిపుణుడు, రెక్కల కాంపోజిట్స్ (ఫైబర్, రెసిన్ కలిపిన పదార్థాలు) తెలిసినవాడు, కంట్రోల్ ఇంజినీరు. పేరులో ‘గ్రీన్’ ఉన్నంత మాత్రాన ఆ నైపుణ్యం రాదు. ల్యాబ్ గట్టిగా ఉండి, పాత విద్యార్థులు ఏ పనిలో ఉన్నారో వివరంగా చూపిస్తే అప్పుడు ఆలోచించండి.

దుమ్ము గురించి మీ భయం మాత్రం నిజమైనదే. సిలికా దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. చేరేముందు దుమ్ము లాగే ఏర్పాటు, సరైన మాస్కులు, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష ఉన్నాయేమో అబ్బాయినే అడగమనండి. సమాధానం నీళ్లు నమిలినట్టుంటే ఆ ఫౌండ్రీ వద్దు, మరొకటి వెతుక్కోవచ్చు. బాగుంటే మెథడ్స్ (పోత ఎలా పోయాలో రూపొందించే విభాగం), మెల్టింగ్, క్వాలిటీ మూడింట్లోనూ తిప్పుతారా అని కనుక్కోవాలి. కంప్యూటర్‌లో పోత సిమ్యులేషన్ నేర్చుకుని, అల్ట్రాసోనిక్, మాగ్నెటిక్ పార్టికల్ (పైపైన ఉన్న పగుళ్లు పట్టే) పరీక్షల్లో లెవెల్ 2 సర్టిఫికెట్ తెచ్చుకుంటే పంపులు, ప్రెస్సులు, ఓడల ఇంజిన్ల పోతల్లోనూ పనికొస్తుంది. పీజీని రెండేళ్ల తర్వాతైనా చేయొచ్చు. అప్పటికి ఏ సబ్జెక్టు కావాలో వాడికే తెలుస్తుంది.