పెంపుడు బల్లి తోక ఊడిపోతే ఏం చేయాలి?

ముందు టెన్షన్ పడకండి. భయపడినప్పుడు బల్లి తన తోకను తానే వదిలేస్తుంది. తెగేచోట కండరాలు బిగుసుకుని రక్తనాళాలను మూసేస్తాయి కాబట్టి నెత్తురు పెద్దగా రాదు. ఊడిన తోక కాసేపు గిలగిలా కొట్టుకుంటుంది, చూడ్డానికి ఒళ్లు జలదరిస్తుంది గానీ దాన్ని తీసి పారేయడమే.

అసలు పని గాయాన్ని శుభ్రంగా ఉంచడం. బల్లిని ఉంచే పెట్టెలో ఇసుక, కొబ్బరిపొట్టు లాంటివి ఉంటే మొత్తం తీసేసి టిష్యూ పేపర్ పరచండి, మురికైనప్పుడల్లా మార్చండి. లేకపోతే ఆ రేణువులు పచ్చిపుండుకు అతుక్కుంటాయి. కట్టు కట్టొద్దు, మన ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్లు పూయొద్దు. తోడుగా వేరే బల్లి ఉంటే విడిగా పెట్టండి. చాలాసార్లు తోక కొరికింది అదే అయ్యుంటుంది. పెట్టెలో వేడి ఎప్పటిలాగే ఉంచి, చేత్తో పట్టుకోవడం మానేయండి.

లెపర్డ్ గెకో అనే రకం పెంపుడు బల్లి కొవ్వును తోకలోనే దాచుకుంటుంది. ఆ నిల్వ పోయింది కాబట్టి కొన్నాళ్లు మేత కాస్త ఎక్కువ వేయండి, కాల్షియం మరవొద్దు. దానికి తోక మళ్లీ వస్తుంది, కానీ లోపల ఎముక బదులు మృదులాస్థి ఉంటుంది, ఆకారం కూడా పొట్టిగా, ఉబ్బుగా ఉంటుంది. క్రెస్టెడ్ గెకో అనే ఇంకో రకానికైతే తోక ఇక రాదు, అయినా హాయిగా బతికేస్తుంది.

వాపు, చీము, నలుపు పైకి పాకడం, తిండి మానేయడం కనిపిస్తే సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరికి వెంటనే తీసుకెళ్లండి.