డాక్టర్ సలహా: నలభై ఏడేళ్లకు చర్మం దురద, మంగు.. ముందు ఏది సరిచేయాలి?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఏడాదిగా నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. కాళ్లు, చేతుల మీద చర్మం పొడిబారి తెల్లగా పొలుసులు లేస్తోంది. రాత్రిళ్లు చీమలు పాకుతున్నట్టు దురద. బుగ్గల మీద మంగు వచ్చింది. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము ఆరు నెలలుగా రాస్తున్నాను. మొదట్లో బాగా తెల్లబడింది. ఇప్పుడు ఎండలోకి వెళితే మంట, రెండు రోజులు మానేస్తే ముఖం ఎర్రబడుతోంది. గడ్డం మీద నాలుగైదు ముదురు వెంట్రుకలు కూడా వచ్చాయి. ఇవన్నీ హార్మోన్ల వల్లేనా? హార్మోన్ మాత్రలు వాడితే తగ్గుతాయా? - ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: పొడిబారడం, దురద, గడ్డం మీద వెంట్రుకలు చాలావరకు హార్మోన్ల మార్పు వల్లే కావచ్చు. ముఖం మంట మాత్రం ఆ కోవలోది కాదు. అది ఆ క్రీము తెచ్చిన ఇబ్బందే అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి దాని సంగతి ముందు చెబుతాను.

ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో ఏముందో చూడండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లుసినోలోన్.. వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. మంగుకు అమ్మే క్రీముల్లో చాలావాటిలో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లతో పాటు ఒక స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. వారం పది రోజుల్లో ముఖం తేటపడేది దాని వల్లే. వైద్యుల పర్యవేక్షణలో కొద్ది వారాలు వాడి ఆపాల్సిన మందు అది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు ఎర్రగా బయటికి కనిపిస్తాయి, మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి, నూగు పెరుగుతుంది. ఇలాంటి దుర్వినియోగం వల్లే 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్-హెచ్ కిందికి తెచ్చింది. అయినా కౌంటర్ మీద అడిగితే ఇచ్చేస్తున్నారు. ట్యూబు మీద పదార్థాల పేర్లే లేకపోతే ఇంకా ప్రమాదం. తెల్లబరిచే కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది, అది చర్మంలోంచి ఒంట్లోకి ఇంకి కిడ్నీలను దెబ్బతీస్తుంది.

పేర్లు లేని క్రీమైతే వెంటనే మానేయండి. కాళ్లవాపు, మూత్రంలో నురగ ఉంటే ఆలస్యం చేయకుండా మూత్ర పరీక్ష చేయించుకోండి. స్టెరాయిడ్ అయితే మాత్రం ఉన్నపళంగా ఆపడం కష్టం. మానేసిన రెండు మూడు రోజులకే ముఖం ఎర్రగా కంది, ఉబ్బి, భగభగమంటుంది. 'క్రీము ఆపితే ఇలా అవుతోంది' అనుకుని మళ్లీ రాయడంతోనే చాలామంది ఆ వలలో ఇరుక్కుపోతారు. ఈ వారంలోనే చర్మ వైద్యుల్ని కలవండి. తక్కువ తీవ్రత ఉన్న స్టెరాయిడ్‌కు మార్చి, రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు అంటూ మెల్లగా మాన్పిస్తారు. మంట తగ్గడానికి టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని లేపనం ఇస్తారు. చర్మం కుదుటపడటానికి కొన్ని నెలలు పట్టొచ్చు.

ఇక హార్మోన్లు. మన దేశంలో స్త్రీలకు నెలసరి పూర్తిగా నిలిచే సగటు వయసు 46-47 ఏళ్లు. అంతకు ముందు కొన్నేళ్లపాటు స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్ ఒక నెల ఎక్కువగా, ఒక నెల తక్కువగా ఊగిసలాడి చివరికి పడిపోతుంది. చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్ తయారవడం, నీటిని పట్టి ఉంచే హైలురోనిక్ ఆమ్లం, పైపొరలోని కొవ్వులు.. అన్నింటికీ ఈ హార్మోన్ ఆసరా ఉండాలి. నెలసరి ఆగిన తొలి ఐదేళ్లలోనే దాదాపు 30 శాతం కొలాజెన్ తరుగుతుందని, ఆ తర్వాత ఏడాదికి 2 శాతం చొప్పున పోతుందని అంచనా. పైపొరలో కొవ్వు తగ్గితే నీరు ఆవిరైపోతుంది. ఇటుకల మధ్య సున్నం రాలిన గోడ ఎలా ఉంటుందో అలాగే. రాత్రి పడుకున్నాక చర్మం వేడెక్కి నీరు ఇంకా ఎక్కువ పోతుంది కనుక దురద అప్పుడే పెరుగుతుంది. చీమలు పాకుతున్నట్టు అనిపించడం కూడా ఈ వయసులో చాలామంది చెప్పేదే.

గడ్డం వెంట్రుకలకు కారణం వేరు. అండాశయాలు ఈస్ట్రోజెన్‌ను తగ్గించినంత వేగంగా పురుష హార్మోన్లను తగ్గించవు. దాంతో పురుష హార్మోన్ల వాటా ఎక్కువవుతుంది. నాలుగైదు వెంట్రుకలైతే థ్రెడింగ్ చాలు. తీస్తే మరింత మందంగా వస్తాయన్నది అపోహ. కొద్ది నెలల్లోనే ఛాతీ, పొట్ట మీద కూడా వెంట్రుకలు పెరిగి, గొంతు బొంగురుపోతే మాత్రం టెస్టోస్టెరాన్ పరీక్ష చేయించాలి.

అయితే అంతా వయసు మీదికి నెట్టేయడం సరికాదు. ఒళ్లంతా దురద, పొడిబారడం థైరాయిడ్ లోపంలోనూ, మధుమేహంలోనూ, ఐరన్ తక్కువైనా, కిడ్నీ, కాలేయ సమస్యల్లోనూ వస్తాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (షుగర్), రక్తకణాల పరీక్ష, ఫెర్రిటిన్ (ఐరన్ నిల్వ), క్రియాటినిన్ (కిడ్నీ), కాలేయ పరీక్షలు ఒకసారి చేయించుకోండి. మీ వయసులో, ఈ లక్షణాలతో మెనోపాజ్ (నెలసరి పూర్తిగా నిలవడం) దగ్గరపడిందని నిర్ధారించడానికి ఎఫ్‌ఎస్‌హెచ్ లాంటి హార్మోన్ పరీక్షల అవసరం సాధారణంగా ఉండదు. నెలనెలా మారే అంకెలు చూసి కంగారు పడటమే మిగులుతుంది.

దురదకు మందు స్నానాల గదిలోనే మొదలవుతుంది. వేడివేడి నీళ్లు వద్దు, గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లో ముగించండి. సబ్బు చంకలు, గజ్జలు, పాదాలకే. మిగతా ఒంటికి నీళ్లు చాలు, లేదా పీహెచ్ 5.5 ఉన్న సిండెట్ బార్ (చర్మాన్ని అంతగా పొడిబార్చని, సబ్బు కాని బిళ్ల) వాడండి. సున్నిపిండి, శనగపిండి నలుగు, పీచు రుద్దడం ఆపండి. ఉన్న కాస్త నూనె కూడా వాటితో పోతుంది. తువ్వాలుతో అద్దుకుని, ఒళ్లు ఇంకా తడితడిగా ఉండగానే, అంటే మూడు నిమిషాల్లోపు, మాయిశ్చరైజర్ రాయాలి. గ్లిజరిన్, సెరమైడ్లు (చర్మం పైపొరలో ఉండే కొవ్వులు) ఉండి సువాసన లేనిది మంచిది. ఒళ్లంతటికీ ఒకసారికి 20 గ్రాములకు పైగానే పడుతుంది. చిటికెడు రాసి 'పనిచేయలేదు' అనేవాళ్లే ఎక్కువ. మోకాళ్ల కింద, మడమలకు పది శాతం యూరియా ఉన్న క్రీము రాత్రిపూట రాయండి. పగుళ్లు ఉంటే అక్కడ మండుతుంది, అవి మానేదాకా పెట్రోలియం జెల్లీ చాలు. కొబ్బరినూనె కూడా పనికొస్తుంది, కానీ స్నానానికి ముందు కాదు, తర్వాత తడి ఒంటికి. ముఖానికి మాత్రం అది రంధ్రాలు మూసి పొక్కులు తెస్తుంది.

మంగుకు చికిత్స ఇప్పుడే మొదలుపెట్టొద్దు. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు. పలచబడిన ముఖం మీద ఏ ఆమ్లం, ఏ పీలింగ్ పడినా మంట పెట్టి, ఆ మంటతో నలుపు ఇంకా ముదురుతుంది. ముందు ఆరెనిమిది వారాలు మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రమే. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా 50, చర్మం రంగు కలిపినది తీసుకోండి. అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురును కూడా అడ్డుకుంటుంది. మంగును రేపేవాటిలో ఆ వెలుతురూ ఒకటి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతల క్రీము ముఖానికి, మెడకు కలిపి పడుతుంది. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పొయ్యి వేడి కూడా మంగుకు మంచిది కాదు, వంటింట్లో గాలి ఆడేలా చూసుకోండి.

మంట తగ్గాక అజెలాయిక్ ఆమ్లం 15 లేదా 20 శాతం మొదలుపెట్టొచ్చు. ఫలితం కనిపించడానికి కనీసం మూడు నెలలు. ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు సొంతంగా వాడొద్దు. రక్తం గడ్డకట్టే తత్వం ఉన్నవారికి అవి ప్రమాదం. ముడతలకు రాత్రి రాసే రెటినాయిడ్లు (విటమిన్-ఎ కోవకు చెందిన క్రీములు) మంచివే. బఠాణీ గింజంత, మొదట వారానికి రెండు రాత్రులు, నాలుగు వారాలకు ఇబ్బంది లేకపోతే రోజు విడిచి రోజు. కానీ పన్నెండు నెలలు వరుసగా నెలసరి రాకుండా ఉంటేనే అది మెనోపాజ్. అప్పటిదాకా గర్భం వచ్చే వీలుంది, గర్భంలో రెటినాయిడ్లు వాడకూడదు.

ఒక్క అనుమానం తీర్చుకోండి. నలుపు బుగ్గల మీదే కాక నుదుటి అంచు, చెవుల దగ్గర, మెడ పక్కల కూడా ఉంటే అది మంగు కాకపోవచ్చు, తలరంగు ఎలర్జీ కావచ్చు. బొట్టు బిళ్ల జిగురు వల్ల నుదుట తెల్లమచ్చ వచ్చేవారూ ఉన్నారు. మెడ వెనుక మఖమల్‌లా నల్లబడితే షుగర్ పరీక్ష తప్పనిసరి.

హార్మోన్ మాత్రల గురించి అడిగారు. చర్మం కోసమే వాటిని ఇవ్వరు. వేడి ఆవిర్లు, నిద్రలేమి బాధిస్తుంటే స్త్రీల వైద్యులు ఆలోచిస్తారు. రొమ్ము క్యాన్సర్, కాళ్లలో రక్తం గడ్డలు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారికి ఇవ్వరు. పైగా నోటి ద్వారా తీసుకునే ఈస్ట్రోజెన్ కొందరిలో మంగును పెంచుతుంది. కొలాజెన్ పొడుల మీద ఖర్చు చేయమని నేను చెప్పను. కిలో బరువుకు ఒక గ్రాము చొప్పున ప్రోటీన్ అందేలా పప్పు, గుడ్డు, పెరుగు, చేప తినడం మేలు.

మొహమాటపడి అడగని దురద ఒకటుంది, మర్మాంగాల దగ్గరిది. ఈస్ట్రోజెన్ తగ్గితే అక్కడా చర్మం పలచబడి మంట, కలయికలో నొప్పి వస్తాయి. దానికి అక్కడే రాసే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము ఉంది. తెల్లటి మచ్చలు, పలచటి ముడతలు కనిపిస్తే రింగ్‌వార్మ్ క్రీములు రాసుకోకుండా చూపించుకోండి. మెనోపాజ్ వచ్చాక చుక్క రక్తం కనిపించినా వెంటనే స్త్రీల వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ క్రీము ట్యూబు, తలరంగు పెట్టె, ఆరు నెలల కిందటి మీ ముఖం ఫొటో ఒకటి వెంట తీసుకెళ్లండి.