మౌసా, ట్రాక్‌ప్యాడా? ముందు ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయో చూడండి

ప్రశ్న: మాది చీపురుపల్లి. నా వయసు 42. ఇంటి దగ్గరే నాలుగు షాపుల లెక్కలు ల్యాప్‌టాప్‌లో ట్యాలీ చేస్తుంటాను, రోజుకు ఆరేడు గంటలు. ట్రాక్‌ప్యాడ్ వాడీ వాడీ కుడి బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. అంతకుముందు మౌస్ వాడితే మోచెయ్యి లాగేసేది. ఇప్పుడు ఇంట్లోకి కొత్త కంప్యూటర్ కొంటున్నాం. విడిగా దొరికే ట్రాక్‌ప్యాడ్ తీసుకోమని మా అబ్బాయి, మౌసే నయమని మా ఆయన. ఏది కొనాలి? ఈమధ్య రాత్రిళ్లు చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ కూడా వస్తోంది.
– ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: అమ్మా, ఆఖర్న 'కూడా' అని తేలిగ్గా వదిలేసిన మాట దగ్గరే నేను ఆగిపోయాను. కొనే సంగతి తర్వాత చూద్దాం.

ఈసారి మెలకువ వచ్చినప్పుడు ఏ వేళ్లు మొద్దుబారాయో చూసుకోండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కి, చిటికెన వేలు మాత్రం మామూలుగా ఉంటే, చెయ్యి విదిలించాక సర్దుకుంటుంటే, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందని అనుమానించాలి. దీన్ని కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటాం. అక్కడ ఎముకలకూ, వాటి మీద పట్టీలా ఉండే గట్టి పొరకూ మధ్య ఇరుకు సందు ఉంటుంది. వేళ్లను ముడిచే 9 తాళ్లు, ఒక నరం అందులోంచే వెళ్లాలి. తాళ్లు కాస్త వాచినా నలిగేది నరమే. నిద్రలో మణికట్టు మడత పడుతుంది కాబట్టి బాధ రాత్రిపూట ఎక్కువ. స్కూటీ హ్యాండిల్ పట్టుకున్నప్పుడు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు కూడా తిమ్మిరి వస్తుంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

మౌస్ వల్లే ఈ జబ్బు వచ్చిందని ఖాయంగా చెప్పలేం. ఉన్నదాన్ని రేపుతుంది, అంతే. షుగర్, థైరాయిడ్ సమస్యలు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ కనుక ఆ రెండు పరీక్షలూ చేయించుకోండి. పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా ఉంచే స్ప్లింట్ కట్టుకుని 6 వారాలు చూడండి. తిమ్మిరి అనగానే మెడికల్ షాపులో చేతిలో పెట్టే బీకాంప్లెక్స్ మాత్ర, నొక్కుకుపోయిన నరం మీది ఒత్తిడిని తీయలేదు.

ఇక మీ ఇంటి తగువు. పలాస వైపు నుంచి జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లు చేతినొప్పులతో వస్తుంటారు. "చెయ్యంతా నొప్పే బాబూ" అంటారు. ఒక్క వేలితో చోటు చూపించమంటే సగం సంగతి తేలిపోతుంది. మీ ఉత్తరంలోనూ చోటు మారడమే అసలు విషయం. ట్రాక్‌ప్యాడ్ వాడితే బొటనవేలు, మౌస్ వాడితే మోచెయ్యి. ట్రాక్‌ప్యాడ్‌ను బొటనవేలు లోపలికి మడిచి గట్టిగా నొక్కుతుంటే ఆ వేలి తాడు ఒరుసుకుపోతుంది. సెట్టింగ్స్‌లో, నొక్కకుండా వేలితో తట్టినా క్లిక్ అయ్యేలా పెట్టుకోండి. ఆ తట్టేది చూపుడువేలితో. డబ్బు ఖర్చు లేని వైద్యం ఇది.

మౌస్‌తో వచ్చిన మోచేతి నొప్పికి కారణం మౌస్ కన్నా దాన్ని పెట్టిన చోటే అయి ఉండాలి. లెక్కల వాళ్ల కీబోర్డుకు కుడివైపు అంకెల మీటలు ఉంటాయి. మౌస్ వాటి అవతల, చెయ్యి చాపితే గానీ అందని చోటుకు పోతుంది. చాపిన చేత్తో, మణికట్టు పైకెత్తి గంటలు గంటలు పట్టుకుంటే మోచేతి బయటివైపు కండరం ఊరుకోదు.

అందుకని నన్నడిగితే మౌసే కొనండి, కానీ ఎడమచేతికి. నవ్వకండి. మీ కుడిచెయ్యి ఎలాగూ అంకెల మీటల మీదే ఉంటుంది. ఎడమవైపు స్థలం ఖాళీ, మౌస్ ఒంటికి దగ్గరగా ఉంటుంది. రెండు వైపులా ఒకేలా ఉండే మామూలు మౌస్ చాలు, బటన్లు సెట్టింగ్స్‌లో తారుమారు చేసుకోవచ్చు. మొదట్లో చిరాకొస్తుంది, కొన్నాళ్లకు అలవాటవుతుంది. వైరు ఉన్నదా లేనిదా అన్నది చేతికి సంబంధం లేని విషయం. మణికట్టు కింద పెట్టే మెత్తటి జెల్ ప్యాడ్ కొనమంటారు షాపువాళ్లు, వద్దు. దాని మీద మణికట్టు ఆనించి మౌస్ కదిపితే ఒత్తిడి పడేది సరిగ్గా ఆ ఇరుకు సందు మీదే. మీ అబ్బాయి చెప్పిన ట్రాక్‌ప్యాడ్ చెడ్డదేం కాదు, రోజంతా అదొక్కటే వాడటం మీకు పడదు.

చేతిలోంచి గ్లాసు జారిపోతున్నా, జాకెట్టు హుక్కు పెట్టుకోవడం కష్టమవుతున్నా, బొటనవేలి కింద ఉబ్బెత్తు కండ పల్చబడినా స్ప్లింట్ కట్టుకుని 6 వారాలు చూస్తూ కూర్చోవద్దు. వెంటనే ఎముకల డాక్టర్‌కు గానీ, నరాల డాక్టర్‌కు గానీ చూపించండి. నరం పనితీరు చూసే పరీక్షకు విశాఖ వెళ్లమన్నా వాయిదా వేయకండి.